నగరసేవకుడి (నగర పంచాయతీ కౌన్సిలర్) మీద తక్రార్ (ఫిర్యాదు) రాయాలంటే: సిరొంచ నుంచి ఒక పాత గుమాస్తా చెప్పే పద్ధతి

నెలాఖరు వచ్చిందంటే మా ఇంటి అరుగు కింద చెప్పులు ఎక్కువ కనిపిస్తాయి. తహసీల్ ఆఫీసులో లోకశాహీ దిన్, అంటే జనం అర్జీలు వినే రోజు, నెలలో మూడో సోమవారం జరుగుతుంది. అర్జీ పదిహేను రోజుల ముందే ఇవ్వాలి. అందుకే ఆ నాలుగైదు రోజులు సిరొంచ వార్డుల వాళ్లే కాదు, అంకీసా, అసరల్లి వైపు నుంచి కూడా జనం వస్తారు. నేను మహారాష్ట్రలోని మా గడ్చిరోలి జిల్లా ఆఫీసుల్లో ఇరవై ఆరేళ్లు ఆవక్-జావక్ (వచ్చే, పోయే కాగితాల) టేబుల్ మీద పని చేసి రిటైరయ్యాను. మనవాళ్లకు ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ. ఆ రెండింటి మధ్య నలిగిపోయే వాళ్ల కాగితాలు ఇప్పుడు ఇంటి దగ్గరే రాసిస్తున్నాను, డబ్బులు తీసుకోను.

ఈమధ్య నా దగ్గరికి వచ్చే తక్రార్లలో ఎక్కువ భాగం గెలిపించిన మనుషుల మీదే. నగరసేవకుడు తిట్టాడని, సర్పంచ్ గవర్నమెంటు జాగా కలుపుకున్నాడని, వార్డు మెంబరు డబ్బులు అడిగాడని. నేను ఎన్నాళ్లో ఉండను. ఊరూరా ఇద్దరు ముగ్గురు చదువుకున్న పిల్లలకు ఈ పని వస్తే చాలని రాస్తున్నాను. మీ దగ్గరికి ఎవరైనా కోపంతోనో కన్నీళ్లతోనో వచ్చి కూర్చుంటే ఏం చేయాలో ఇందులో ఉంది.

ముందు మంచినీళ్లు ఇవ్వండి. పూర్తిగా చెప్పనివ్వండి. అప్పుడే పెన్ను తీయకండి.

పోయిన ఏడాది ఒక కుర్రాడు వచ్చాడు. "మా నగరసేవకుడు మంచోడు కాదు పెద్దమ్మా, ఆయన్ని తీసేయించాలె" అన్నాడు. చేతిలో తొమ్మిది పేజీలు. మోరీ తీయలేదు, వీధిలైటు లేదు, పోయిన ఎలక్షన్లో చీరలు పంచాడు, ఆయన తమ్ముడు తాగుతాడు, కాంట్రాక్టర్‌తో కలిసి తిరుగుతాడు, మా అమ్మను నల్లా దగ్గర నానా మాటలు అన్నాడు. చివర నలభై సంతకాలు, అందులో సగం ఒకే చేతి రాత. ఇలాంటి కాగితాన్ని ఆఫీసులో నేనే ఎన్నోసార్లు ఆవక్ రిజిస్టర్‌లో ఎక్కించాను, అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. పై అధికారి మొదటి పేజీ చదువుతాడు, "చౌకశీ (విచారణ) చేసి రిపోర్టు ఇవ్వండి" అని కిందికి పంపుతాడు. కింద వాడు తొమ్మిది విషయాల్లో తేలికైనది, అంటే వీధిలైటు, పట్టుకుని "లైటు వేశాము" అని రాసి ఫైలు మూసేస్తాడు. నల్లా దగ్గర అవమానపడిన తల్లి మాట ఆ ఫైల్లోనే ఉండిపోతుంది.

ఆ కుర్రాణ్ని మూడు ప్రశ్నలు అడిగాను. ఏం చేశాడు? ఏ రోజు? ఎవరు చూశారు, లేదా ఏ కాగితంలో ఉంది? "మంచోడు కాదు" అనేదానికి ఈ మూడింటికీ జవాబు ఉండదు. "మా అమ్మను పలానా రోజు పొద్దున నల్లా దగ్గర ఈ మాట అన్నాడు, పక్కింటి ఇద్దరు విన్నారు" అనేదానికి మూడూ ఉన్నాయి. తొమ్మిది విషయాల్లో అలా నిలిచినవి రెండే. ఆ రెండింటికీ రెండు వేర్వేరు కాగితాలు రాశాం, ఎందుకంటే అవి వెళ్లాల్సిన తలుపులు వేరు.

ఈ తలుపుల సంగతే మనవాళ్లకు తెలియదు. ప్రజాప్రతినిధి ప్రవర్తన మీద వచ్చే అన్ని ఫిర్యాదులనూ తీసుకునే కిటికీ ఒక్కటంటూ లేదు. చేసిన పనిని బట్టి చట్టం మారుతుంది, చట్టాన్ని బట్టి ఆఫీసు మారుతుంది.

మోరీ, లైటు, నల్లా నీళ్లు, చెత్తబండి. ఇవి ప్రవర్తన కిందికి రావు, పని కిందికి వస్తాయి. నగర పంచాయతీలో ఇవి ముఖ్యాధికారికి రాయాలి, ఊళ్లో అయితే గ్రామసేవక్‌కు (ఇప్పుడు గ్రామపంచాయత్ అధికారి అంటున్నారు), తర్వాత బీడీఓకు. నగరసేవకుడి పేరు కూడా ఎత్తొద్దు. పేరు ఎత్తగానే అది రాజకీయం అయిపోతుంది, మోరీ అట్లనే ఉంటుంది. జవాబు రాకపోతే లోకశాహీ దిన్‌కు వెళ్లొచ్చు. అక్కడ మీ సొంత ఇబ్బందిని మాత్రమే తీసుకుంటారు. ఊరంతా కలిసి ఇచ్చే సామూహిక అర్జీ, కోర్టులో ఉన్న విషయం అక్కడ చెల్లవు. తాలూకాలో తేలకపోతే నెల తర్వాత జిల్లా లోకశాహీ దిన్ ఉంది, అది మొదటి సోమవారం.

నగరసేవకుణ్ని పదవిలోంచి తీసేయాలనే మాట వస్తే 1965 నాటి మహారాష్ట్ర నగర పరిషత్తుల, నగర పంచాయతీల చట్టం చూడాలి. అందులో 42వ సెక్షన్ ఒకటి, 44వ సెక్షన్ ఒకటి. ఈ రెండింటినీ కలిపేసి రాసిన అర్జీలు నేను లెక్కలేనన్ని చూశాను. వీటి తేడా మాత్రం నిదానంగా అర్థం చేసుకోండి.

42 ప్రవర్తనకు సంబంధించింది. బాధ్యతల్లో దుర్వర్తన, లేదా పదవికి తలవంపు తెచ్చే నడవడి ఉంటే రాష్ట్ర ప్రభుత్వం ఆ కౌన్సిలర్‌ను తొలగించవచ్చు. తనంతట తాను చేయొచ్చు, లేదా నగర పంచాయతీ సభే ఠరావ్ (తీర్మానం) చేసి సిఫారసు చేయొచ్చు. ఇప్పటి పదవీకాలంలో చేసిందే కాదు, దానికి ముందు పదవీకాలంలో చేసిందీ లెక్కకు వస్తుంది. అంటే నిర్ణయం ముంబైలో జరుగుతుంది, మనం కలెక్టర్ ద్వారా పంపుకోవాలి. సభలో ఠరావ్ పాస్ చేయించడం సులువు కాదు. 17 మంది సభ్యుల్లో ఎవరు ఎవరి వైపో మీకూ తెలుసు. అందుకే దీనికి సాక్ష్యం చాలా గట్టిగా ఉండాలి, సంవత్సరాలు పట్టినా ఆగే ఓపిక ఉండాలి.

44 అనర్హతకు సంబంధించింది. ఇక్కడ మనిషి మంచివాడా చెడ్డవాడా అని ఎవరూ అడగరు. చట్టంలో రాసిన పని జరిగిందా లేదా అనేదే ప్రశ్న. కౌన్సిలరో, భార్యో భర్తో, ఆధారపడిన వాళ్లో అనధికార కట్టడం కట్టారా? అలాంటి కట్టడానికి సాయం చేశారా? దాన్ని పడగొట్టడానికి వచ్చిన సిబ్బందిని అడ్డుకున్నారా? ఇలాంటివి. తేల్చేది కలెక్టర్. మామూలు మనిషి ఎవరైనా అర్జీ పెట్టవచ్చు. కాగితం పక్కాగా ఉంటే పేదవాడి అర్జీ కూడా నిలబడే తలుపు ఇదే. నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ.

ఊళ్లలో సర్పంచ్, ఉపసర్పంచ్, మెంబర్ల విషయంలోనూ ఇదే జోడీ ఉంది, చట్టం వేరు. 1958 నాటి గ్రామ పంచాయతీ చట్టంలో 39వ సెక్షన్ ప్రవర్తనకు. జిల్లా పరిషత్ సీఈఓ చౌకశీ చేస్తారు, తీర్పు నాగపూర్‌లో ఉండే విభాగీయ ఆయుక్తులది (డివిజనల్ కమిషనర్‌ది). 14వ సెక్షన్ అనర్హతలకు. గవర్నమెంటు జాగా ఆక్రమణ, బిల్లు వచ్చిన మూడు నెలల్లో పంచాయతీ పన్ను కట్టకపోవడం, పంచాయతీ కాంట్రాక్టులో వాటా, ఇద్దరు పిల్లల నిబంధన ఇవన్నీ అందులో ఉన్నాయి. తేల్చేది 16వ సెక్షన్ కింద కలెక్టరే.

ఇక నేరం అయితే ఈ తలుపులేవీ తట్టొద్దు, నేరుగా వెళ్లండి. లంచం అడిగితే ఏసీబీ నంబరు 1064. డబ్బు చేతిలో పెట్టకముందే ఫోన్ చేయండి. బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చినా 7 రోజుల్లోపు చెప్పినవాళ్లకు చట్టంలో రక్షణ ఉంది. కులం పేరుతో తిడితే, చెయ్యి చేసుకుంటే పోలీస్ స్టేషన్. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, తీసుకోకుండా బయటికి రావొద్దు. ఆఫీసులో పనిచేసే ఆడపిల్లతో కౌన్సిలర్ తప్పుగా ప్రవర్తిస్తే పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింద కమిటీకి రాయాలి, జరిగిన మూడు నెలల్లోపు. సఫాయి పని చేసే ఆడవాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పరు. మీరు చెప్పండి.

తలుపు తెలిసింది. ఇప్పుడు కాగితం పోగు చేయాలి. అర్జీ రాయడానికి ముందే మాహితీ అధికార్ (సమాచార హక్కు) కింద నకళ్లు అడగండి. మన రాష్ట్రంలో ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉండాలి, 150 మాటలు దాటకూడదు. పది రూపాయల కోర్టు ఫీ స్టాంపు అతికించాలి, బీపీఎల్ వాళ్లకు అదీ అక్కర్లేదు. "కౌన్సిలర్ అవినీతి వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. "పలానా తేదీ సాధారణ సభ హాజరు పట్టీ, ఇతివృత్తాంతం (సభలో జరిగింది రాసిన మినిట్స్), పలానా నంబరు ఠరావ్ నకలు" అని రాస్తే వస్తుంది. 30 రోజులు ఆగాలి. రాకపోతే ఇరవై రూపాయల స్టాంపుతో మొదటి అప్పీలు. ఈ నెల రోజులు జనానికి ఓర్పు ఉండదు, "ఇంకెప్పుడు అక్కా" అని రోజూ టెన్షన్ పెడతారు. ఆగమని చెప్పండి. కాగితం లేకుండా వెళ్లిన అర్జీ ఒకసారి కొట్టివేస్తే, అదే విషయం మీద రెండోసారి ఎవరూ కళ్లెత్తి చూడరు.

ఫోన్లో తీసిన వీడియో ఉంటే ఆ ఫోన్లోని అసలు ఫైలును కదపొద్దు, కత్తిరించొద్దు. వాట్సాప్‌లో పంపిన కాపీ అసలుకు సాటి రాదు. కోర్టు దాకా పోతే ఆ ఫోన్ ఎవరిది, ఎలా తీశారని సర్టిఫికెట్ అడుగుతారు.

ఇప్పుడు పెన్ను తీయండి. ఒకే పేజీ. నేను రాసే తీరు చూపించడానికి ఒక ఊహించిన సంగతి తీసుకుంటాను:

"2025 ఆగస్టు 12, మంగళవారం ఉదయం సుమారు 9 గంటలకు మా వార్డులో రోడ్డు మీదికి వచ్చిన అనధికార గోడను తీయడానికి నగర పంచాయతీ సిబ్బంది వచ్చారు. వార్డు కౌన్సిలర్ గోడ ముందు నిలబడి 'మెషీన్ వెనక్కి తీయండి' అని అడ్డుకున్నారు. సిబ్బంది పని చేయకుండా తిరిగి వెళ్లారు. నేను పది అడుగుల దూరంలో ఉండి చూశాను. చూసిన మరో ఇద్దరి పేర్లు, సంతకాలు కింద ఉన్నాయి. గోడకు ఇచ్చిన నోటీసు నకలు జోడించాను. 44వ సెక్షన్ కింద విచారణ జరిపి నిర్ణయం ఇవ్వాలని కోరుతున్నాను."

ఇందులో "దౌర్జన్యంగా", "గూండాలా" అనే మాటలు లేవు చూశారా? చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు. ఎవరో చెప్పింది అయితే "పలానావారు నాకు చెప్పారు" అనే రాయాలి. కౌన్సిలర్ గురించి రాసేటప్పుడు "వారు" అనే రాయండి, మనసులో ఎంత కోపం ఉన్నా. అడగాల్సింది కూడా ఆ చట్టం ఇవ్వగలిగిందే అడగాలి. కలెక్టర్ జైల్లో వేయలేరు, జైల్లో వేయమని రాస్తే మిగతా కాగితం కూడా తేలిపోతుంది.

భాష సంగతి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం మన కష్టాన్ని ఏ అధికారికైనా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా రాసుకోవచ్చు. సిరొంచలో తెలుగు వాడుకలో లేదని ఎవరూ అనలేరు. అయినా నేను తెలుగులో రాసి, దాని వెనుక మరాఠీ ప్రతి పెడతాను. తెలుగుది చెప్పిన మనిషి చదువుకుని, లేదా చదివించుకుని సంతకం పెట్టడానికి. ఇది చాలా ముఖ్యం. తనకు అర్థం కాని భాషలో ఎవరో రాసిన దాని మీద వేలిముద్ర వేసిన అవ్వను రేపు చౌకశీలో "నువ్వు ఇలా రాశావు కదా" అని అడిగితే ఆమె ఏం చెప్తుంది? అలా తెల్లబోయి నిలబడ్డ ఒక పెద్దామెను నా కళ్లతో చూశాను. ఆమె చెప్పింది నిజమే. రాసినవాడు రెండు మాటలు ఎక్కువ కలిపాడు. ఆ రెండు మాటలతో ఆమె నిజం కూడా పోయింది.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. మన మల్లయ్య, సమ్మక్క, రాజేశం ఇవన్నీ దేవనాగరిలోకి పోయేసరికి ఆధార్‌లో ఒకలా, ఓటరు కార్డులో ఇంకోలా ఉంటాయి. ఆధార్‌లో ఎలా ఉంటే అలా రాసి, పక్కన ఇంకో పేరు కూడా చూపించండి. "ఈ పేరుతో ఓటరే లేడు" అని అవతలి వకీలు మొదటి రోజే అంటాడు.

ఇవ్వకముందు ఇంకొక పని ఉంది. చాలామందికి ఇది నచ్చదు. అవతలి మనిషి ఏం చెప్పుకుంటాడో ముందే ఆలోచించండి, వీలైతే కనుక్కోండి. మా తాలూకాలో ఒక ఊరి మహిళా మెంబరు మీద జాగా ఆక్రమణ అని తక్రార్ రాయమని నలుగురు మగవాళ్లు నా దగ్గరికి వచ్చారు. నేను నకళ్లు తెప్పించమన్నాను. తెప్పిస్తే ఆ జాగా ఆమె పుట్టకముందు నుంచి వాళ్ల మామగారి పేరు మీద పంచాయతీ రికార్డులో ఉంది. ఆమె చేసిన తప్పు ఏమిటంటే గ్రామసభలో బోరు బిల్లు గురించి లేచి అడిగింది. నేను ఆ అర్జీ రాయలేదు. వాళ్లు ఇంకొకరితో రాయించుకున్నారు, అది నిలబడలేదు, కానీ ఆ రెండేళ్లు ఆమె మీటింగుల్లో నోరు విప్పలేదు.

జళగావ్ జిల్లా విచ్‌ఖేడా ఊరి మహిళా సర్పంచ్‌ను ప్రభుత్వ జాగాలో ఉంటోందని పదవి నుంచి తీసేస్తే, 2024లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఎన్నికైన మనిషిని తీసేయడాన్ని అంత తేలిగ్గా తీసుకోకూడదని, పల్లెటూరి ఆడవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త ఉండాలని చెప్పింది. అందుకే చెప్తున్నా, ఓడిపోయినవాడి కోపానికి మన పెన్ను ఇవ్వకూడదు. 42 అయినా 39 అయినా అవతలి వాళ్లకు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తొలగించడం కుదరదు. అది వాళ్లకు దయ చూపడం కాదు. ఆ అవకాశం ఇవ్వలేదంటే, నిజంగా తప్పు చేసినవాడు కూడా అదే లొసుగు పట్టుకుని హైకోర్టు నుంచి తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంటాడు.

అర్జీ ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకెళ్లండి. రెండో దాని మీద ఆవక్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. దాన్నే ఇక్కడ పోచ్ అంటాం. "సాహెబ్ లేరు, రేపు రండి" అంటే రేపటి దాకా ఆగొద్దు. సాహెబ్ ఉన్నా లేకపోయినా ఆవక్ టేబుల్ ఉంటుంది, తీసుకోవడం ఆ టేబుల్ పని. నేను చేసిన పనే కాబట్టి గట్టిగా చెప్తున్నా. గడ్చిరోలి మనకు రెండొందల కిలోమీటర్ల పైనే, ఎస్టీ బస్సులో పోయి రావడానికి కూలి రెండు రోజులు పోతుంది. అందుకే స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ అయిన ప్రింటు ఫైల్లో పెట్టుకోండి. ప్రభుత్వం ఆన్‌లైన్‌లో తక్రార్లు తీసుకునే ఆపలే సర్కార్ పోర్టల్‌లోనూ వేయొచ్చు. కానీ 44, 14 లాంటి అనర్హత అర్జీకి సంతకం, జోడింపులు ఉన్న కాగితమే పంపండి.

పంపాక ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టొద్దు. ఈ ఒక్క పొరపాటుతో మంచి తక్రార్లు పాడయ్యాయి. సద్బుద్ధితో, తగిన అధికారికి చేసుకున్న ఆరోపణకు పరువునష్టం చట్టంలోనే మినహాయింపు ఉంది. గ్రూపులో పెట్టిన దానికి ఆ రక్షణ లేదు. పైగా సాక్షుల పేర్లు రాత్రికి రాత్రే అవతలి ఇంటికి చేరతాయి. సాక్షుల్లో అదే వార్డులో అద్దెకు ఉండేవాళ్లు, కౌన్సిలర్ దగ్గర పనిచేసే వాళ్లు ఉంటే వాళ్లను బలవంతం చేయకండి. కాగితంతో రుజువయ్యేదానికి మనిషిని ముందుకు నెట్టొద్దు.

పది పదిహేను రోజులకు ఎవరో పెద్దమనిషి ఇంటికి వస్తాడు, "కూర్చుని మాట్లాడుకుందాం బిడ్డా, వాపస్ తీసుకో" అంటాడు. తిట్టిన మాటకు క్షమాపణ చెప్పించుకుని ఆగిపోతాననే హక్కు తిట్లు పడిన మనిషిది. ఆ నిర్ణయం ఆమెనే తీసుకోనివ్వండి, ఊరికీ మీకూ అందులో మాట లేదు. కానీ గవర్నమెంటు జాగా, పంచాయతీ డబ్బు విషయంలో రాజీ పడటానికి అది మన ఇంటి సొమ్ము కాదు. వాపస్ కాగితం మీద ఆ రోజే సంతకం పెట్టొద్దని ముందే చెప్పి ఉంచండి.

సునావణి (విచారణకు పిలిచే) నోటీసు వస్తే తేదీ, సమయం, ఏ ఆఫీసో మళ్లీ చదవండి. కొన్నిసార్లు అహేరీలో ఉంటుంది, కొన్నిసార్లు గడ్చిరోలిలో. పొద్దున పదకొండుకు గడ్చిరోలిలో ఉండాలంటే ముందు రోజే బయల్దేరాలి. అసలు కాగితాలు ఒక సంచిలో, నకళ్లు ఇంకో సంచిలో పెట్టుకోండి. అసలువి చూపించండి, చేతికి ఇవ్వొద్దు. రాలేకపోతే ముందే రాసి గడువు అడగండి. చెప్పకుండా గైర్హాజరైతే "తక్రార్దార్ రాలేదు" అనే ఒక్క మాటతో ఫైలు మూసేస్తారు.

అక్కడ మీ జబాబు (వాంగ్మూలం) మరాఠీలో రాసుకుంటారు. రాసింది తెలుగులో చదివి వినిపించమని అడగండి, అడగడానికి సిగ్గుపడొద్దు. చెప్పని మాట ఉంటే కొట్టేయించి పక్కన చిన్న సంతకం పెట్టండి. కింద ఖాళీ జాగా మిగిలితే అడ్డగీత గీసి, ఆ తర్వాతే పూర్తి సంతకం. బయటికి వచ్చేముందు ఆ జబాబు నకలు కావాలని తెల్లకాగితం మీద రెండు లైన్లు రాసి ఆవక్‌లో ఇచ్చి, దానికి కూడా పోచ్ తీసుకోండి.